మన వేళ్ళు మనమే వెతుక్కుందాం – నాలుగో పాఠం: బాంబులు పడ్డ ఏడు

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, వంశవృక్షం కోసం తెలిసినంత వరకు పూర్వీకుల పేర్లు రాసుకురమ్మన్నాను. కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఒకే చోట కలం ఆగిపోయి ఉంటుంది. పేరు చెప్పారు, ఊరు చెప్పారు. "ఏ సంవత్సరంలో నాయనమ్మా?" అనగానే "ఏమో నాయినా, అప్పుడెవులు రాసుకున్నారు" అని పక్కకి తిరిగేసి ఉంటారు.

ఆ ప్రశ్న అడక్కూడదు. మనం కాలాన్ని అంకెల్లో మోస్తాం, వాళ్ళు జరిగినవాటితో మోస్తారు. ఈ పాఠమంతా ఒకదాన్ని రెండోదానిలోకి మార్చుకోవడం గురించే.

మా ఇంటి ఉదాహరణతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో తప్పు చేసినవాణ్ణి నేనే. మా పెదనాన్న బడి సర్టిఫికెట్లో పుట్టిన తేదీ 1940 జులై 1. ముద్ర ఉంది, హెడ్మాస్టరు సంతకం ఉంది. అదే వంశవృక్షంలో పెన్నుతో రాసేశాను. నాయనమ్మకి చదివి వినిపిస్తే తల అడ్డంగా ఊపింది. "బాంబులు పడ్డేడు ఆడు నా కడుపులో ఆర్నెల్ల గుంటడు" అంది. సర్టిఫికెట్ ఇలా ఉందే అన్నాను. "కన్నది నానా, మేష్టరా?" అంది.

విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఆ రోజుకి ఆరో నెల అంటే కాన్పు జులై, ఆగస్టుల్లో. అంటే 1942. సర్టిఫికెట్‌కీ ఆవిడ మాటకీ రెండేళ్ళ తేడా. అప్పటికి నేనింకా సర్టిఫికెట్ పక్షమే. ఆవిణ్ణి ఇంకాస్త తవ్వితే "ఆ ఏడు రెండు జేష్టాలొచ్చేయి, ఆసాడంలో పుట్టేడు" అంది. ఆ మాట దగ్గర నా పని పట్టింది. రెండు జ్యేష్ఠాలంటే అందులో ఒకటి అధిక మాసం. అధిక జ్యేష్ఠం ఏటా రాదు. 1940లో లేదు, 1942లో ఉంది. ఆ ఏడాది ఆషాఢం జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు నడిచింది. ఆవిడ చెప్పిన కడుపు లెక్కకి సరిగ్గా సరిపోయింది. పంచాంగం చదవడం రాని మనిషి పంచాంగమంత గట్టి సాక్ష్యం ఇచ్చింది.

మరి జులై 1 ఎక్కడిది? మీ ఇంట్లో పాత సర్టిఫికెట్లు నాలుగు తీసి చూడండి, ఒకటో రెండో జులై 1 తగులుతాయి. బడులు తెరిచే రోజుల్లో పిల్లాణ్ణి తెచ్చి నిలబెడితే, చేర్చుకునే వయసు వచ్చేలా మేష్టారే ఒక తేదీ వేసేవారు. కాబట్టి జులై 1 కనిపిస్తే "బడిలో వేసిన తేదీ" అని పక్కన రాయండి, పుట్టిన తేదీ అని రాయకండి.

ఇక సాధన. ఒక లాంగ్ నోట్‌బుక్కు తీసుకోండి. పెద్దవాళ్ళు అన్న మాట అన్నట్టే పెన్నుతో రాయాలి, యాసతో సహా. మీరు వేసుకున్న లెక్క దాని కింద పెన్సిల్‌తో రాయాలి. మా పెదనాన్న పుటలో పెన్నుతో "బాంబులు పడ్డేడు కడుపులో ఆర్నెల్లు; రెండు జేష్టాలు; ఆసాడం" అని ఉంటుంది. పెన్సిల్‌తో "1942 జులై మధ్య – ఆగస్టు మధ్య" అని ఉంటుంది. పెన్సిల్ గీత రేపు చెరిపెయ్యొచ్చు. పెన్ను మాటని ముట్టుకోకూడదు. ఆవిడ పోయాక ఇంకోసారి అడగలేం.

సంవత్సరాన్ని పేరుతో చెప్పేవాళ్ళూ ఉంటారు. పాత ఇంటి దస్తావేజుల్లో, పంచాంగం అట్ట లోపల తాతలు రాసుకున్న పురిటి లెక్కల్లో కూడా ప్రభవ, విభవ పేర్లే కనిపిస్తాయి. వీటిని అంకెల్లోకి తిప్పడం సులువే. అరవై పేర్ల వరసలో ఆ పేరు ఎన్నోదో చూసి దానికి 1926 కలపండి. చిత్రభాను పదహారోది, కలిపితే 1942. సర్వజిత్తు ఇరవై ఒకటోది, 1947. అంతకు ముందు ఆవృత్తి కావాలంటే 1866 కలపాలి, తర్వాతది కావాలంటే 1986.

ఇందులో చిక్కులు రెండు. మొదటిది, ఆ సంవత్సరం ఉగాది నుంచి ఉగాదికి. చిత్రభాను 1943 ఏప్రిల్ తొలి రోజుల దాకా సాగింది. అందుకని మాఘం, ఫాల్గుణం అని ఉంటే ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ఎక్కువ వేసుకోండి. పుష్యమైతే పంచాంగం చూసి తేల్చుకోవాల్సిందే, అది డిసెంబరులోనూ మొదలవగలదు. రెండోది, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. సర్వజిత్తు అని ఉన్న దస్తావేజు 1887దా, 1947దా? స్టాంపు కాగితం మీద బొమ్మ చూడండి. విక్టోరియా రాణి ఉంటే 1887, ఆరో జార్జి ఉంటే 1947. లోపల అక్షరాలు చెరిగిపోయినా పైనున్న తలకాయ సాధారణంగా మిగిలే ఉంటుంది.

పేరూ అంకే రెండూ లేని జ్ఞాపకాలకి మేకులు కావాలి. మన విశాఖకి మేకుల కొరత లేదు. హార్బరు తెరిచింది 1933లో. "ఓడలు ఇంకా సముద్రంలోనే ఆగేవి, పడవల మీద సరుకు తెచ్చేవారు" అంటే అంతకు ముందు మాట. ఇక్కడ కట్టిన జల ఉష ఓడ నీళ్ళలోకి దిగింది 1948 మార్చిలో, నెహ్రూ వచ్చారు. ఆ ఓడలు కట్టే సింధియా యార్డులో చేసినవాళ్ళ ఇళ్ళలో ఆ రోజు ఇంకా కథగా నడుస్తోంది. ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న ఉద్యమంలో కాల్పులు జరిగింది 1966 నవంబరు 1. ఊరంతా దీపాలు ఆర్పేసుకుని కూర్చుంటే సముద్రంలో పేలుడు వినిపించిన రాత్రి 1971 డిసెంబరుది, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పటిది. "ఆంధ్రా వచ్చిన ఏడు" అన్న మాట మాత్రం జారుడు. 1953 అక్టోబరూ కావొచ్చు, 1956 నవంబరూ కావొచ్చు. "అప్పుడు రాజధాని కర్నూలా, హైదరాబాదా?" అని అడిగితే తేలిపోతుంది.

నెల కోసం పండగలు పట్టుకోండి. సింహాచలం చందనయాత్ర వైశాఖంలో అక్షయ తృతీయ నాడు. అనకాపల్లి నూకాలమ్మ జాతర కొత్త అమావాస్యకి. విజయనగరం సిరిమాను దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. "చందనయాత్రకి పిల్ల పురిట్లో ఉంది, ఎల్లలేకపోనాను" అన్న ఒక్క వాక్యంలో నెలా, పక్షమూ దొరికేస్తాయి.

ఒక హెచ్చరిక. పెద్ద సంఘటన చుట్టుపక్కల జ్ఞాపకాలన్నిటినీ తనవైపు లాక్కుంటుంది. మా వాళ్ళు చెప్పినదాని ప్రకారం బాంబులు పడ్డ ఏడు మా వంశంలో నలుగురు పుట్టారు, ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి, ఒక గేదె తప్పిపోయింది. అన్నీ ఒక్క ఏడాదిలోనే జరిగాయంటే నమ్మను. అందుకని "ఆ ఏడేనా?" అని అడగకండి, ఊ అనేస్తారు. "బాంబులప్పటికి పాకుతున్నాడా, నడుస్తున్నాడా? ఊరొదిలి పారిపోయినప్పుడు ఎవరి చంకలో ఉన్నాడు?" అని అడగండి. చంకలో ఎవరున్నారో తల్లి మర్చిపోదు.

ఇప్పుడు రంగం సంగతి. ఉత్తరాంధ్రలో ప్రతి నాలుగో ఇంట్లోనో ఐదో ఇంట్లోనో "తాత రంగం ఎల్లాడు" అన్న మాట వినిపిస్తుంది. నా చిన్నప్పుడు అది యుద్ధరంగం అనుకుని, మా తాత సిపాయి అని బళ్ళో చెప్పుకుని తిరిగాను. రంగం అంటే బర్మాలోని రంగూను. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లెక్కి వెళ్ళిన కూలి జనం వాళ్ళు. అక్కడ తెలుగువాళ్ళందరినీ కలిపి కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద.

వెనక్కి రావడం రెండు విడతలుగా జరిగింది. రంగూను మీద బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. 1942 మార్చిలో ఊరు జపాను చేతికి పోయింది. ఆ నెలల్లో దొరికినవాళ్ళు ఓడలెక్కారు, దొరకనివాళ్ళు అడవులూ కొండలూ పట్టి నడిచొచ్చారు. రెండో విడత 1962లో బర్మా సైన్యాధిపతి నే విన్ అధికారం పట్టాక, దుకాణాలూ వ్యాపారాలూ ప్రభుత్వపరమయ్యాక. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఆ రాకల గుర్తే. "నడిచొచ్చేం" అంటే 1942 అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. "ఓడ మీద వచ్చేం" అంటే ఆగి ఇంకోటి అడగాలి: బంగారం తెచ్చుకోనిచ్చారా? ఒంటిమీద నగలు కూడా రేవులోనే ఒలిచేసుకున్నారని చెబితే అది అరవైల నాటి రాక. అలాంటి ఇంట్లో 'బర్మా కాందిశీకులు' అని రాసిన కాగితమేదో తప్పకుండా వెతకండి, పెట్టె అడుగున ఉంటుంది.

కొన్ని ఇళ్ళలో ఈ మాట దగ్గర గొంతు తగ్గుతుంది. రంగంలో తాతకి ఇంకో సంసారం ఉండేదనో, ముత్తవ్వ అసలు బర్మా మనిషేననో. దీన్ని నలుగురిలో అడక్కండి, వంటింట్లో ఒక్కరు ఉన్నప్పుడు అడగండి. వద్దంటే వదిలెయ్యండి. ఈ మధ్య ఉమ్మి నమూనా పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటున్నారు గనుక దాని హద్దు కూడా చెప్పాలి. నాన్న వైపు తాతగారి తల్లి బర్మా మనిషైతే మీలో ఆవిడ వాటా సగటున ఎనిమిదో వంతు. అది పరీక్షలో కనబడే అవకాశం ఉంది. కానీ తల్లి వరుసలో మాత్రమే దిగే డీఎన్ఏని నమ్ముకుంటే ఏమీ కనబడదు, ఎందుకంటే ఆవిడ మీ నాన్న వైపు తాతకి తల్లి, అది ఆ తాత దగ్గరే ఆగిపోయింది. ఆవిడది ఏ ఊరో, ఏ ఓడెక్కి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. వంటింట్లో గొంతు తగ్గించిన మనిషే చెప్పాలి.

పిల్లల లెక్క దగ్గర అందరూ చేసే పొరపాటొకటి ఉంది. "ఎంతమంది పిల్లలు?" అని అడుగుతారు. బతికినవాళ్ళ లెక్క వస్తుంది. "ఎన్ని పురుళ్ళు?" అని అడగండి. "ఎనిమిది పురుళ్ళు, దక్కినోళ్ళు ముగ్గురు" అంటారు. ఆ ఐదుగురినీ వరసలో పెడితేనే మిగిలిన ముగ్గురి వయసులూ సరిపడతాయి, లేకపోతే అన్నకీ తమ్ముడికీ మధ్య పదకొండేళ్ళ ఖాళీ చూసి బుర్ర గోక్కుంటారు. పేర్లలోనూ ఈ లెక్క దాగి ఉంటుంది. పెంటయ్య, పెంటమ్మ అన్న పేరు తగిలితే అంతకు ముందు పిల్లలు పోయి ఉంటారని పెన్సిల్‌తో రాసుకోండి. పుట్టినవాళ్ళు దక్కకపోతే పసిగుడ్డుని పెంట మీద పెట్టి తెచ్చుకుని ఆ పేరు పెట్టేవారు.

పేరు కాలంతో పాటు చోటుని కూడా చెబుతుంది. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం అంటే సింహాద్రి అప్పన్న నీడ. పైడిరాజు, పైడమ్మ విజయనగరం పైడితల్లి. నూకరాజు అనకాపల్లి వైపు. కూర్మారావు శ్రీకూర్మం, ముఖలింగం శ్రీముఖలింగం. ఇదేమీ రుజువు కాదు, మొక్కు ఎక్కడికైనా ఉండొచ్చు. వెతుకులాట ఏ దిక్కున మొదలుపెట్టాలో చెప్పే గాలివాటం మాత్రమే. తాత పేరు మనవడికి పెట్టడం వల్ల ఒకే ఇంట్లో ముగ్గురు అప్పలస్వాములు తేలతారు. వాళ్ళని విడదీసేది ఇందాక వేసుకున్న పెన్సిల్ తేదీలే.

తేదీకి ఇంత యాతన ఎందుకంటే, తేదీ తెలియకపోతే ఏ కచేరీ మెట్లెక్కాలో తెలియదు. కాగితం మీద "విశాఖపట్నం జిల్లా" అని ఉంటే సంబరపడకండి. 1936 ఏప్రిల్ 1కి ముందైతే జయపురం, రాయగడ, గుణుపురం కూడా ఆ జిల్లాలోవే, ఇప్పుడు ఒడిశాలో ఉన్నాయి. 1950 ఆగస్టులో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, పాడేరు వైపు అల్లూరి జిల్లా. మా చుట్టాలొకాయన ముత్తాత ఊరి కోసం రెండేళ్ళు విశాఖలో తిరిగాడు. ఆ ఊరు గుణుపురం దగ్గర తేలింది. అక్కడ ఇప్పటికీ వాళ్ళ ఇంటిపేరుతో నాలుగు గడపలున్నాయి, ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా.

ఈ వారం పని: మీ ఇంట్లో ఒకే ఒక్క మనిషిని ఎంచుకోండి, పుట్టిన తేదీ మీద అనుమానం ఉన్నవాళ్ళైతే మంచిది. ఆ తల్లినో, అక్కనో, పక్కింటి ముసలామెనో పట్టుకుని, సంవత్సరం అన్న మాట నోట రాకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి ఊళ్ళో జరిగినదాని గురించి, ఒకటి పండగ గురించి, ఒకటి అప్పటికి చంకలో ఎవరున్నారన్నది. మూడు జవాబులూ పెన్నుతో, లెక్క పెన్సిల్‌తో. మూడూ కలవకపోతే దిద్దకండి, అలాగే తీసుకురండి. అయిదో పాఠంలో ఆ పుస్తకం పక్కన పెట్టుకునే భూమి కాగితాలు విప్పుదాం. ఊరి భూముల లెక్క రాసే అడంగల్ చదవాలంటే మీ ముత్తాత తండ్రి పేరు కావాలి, అది కూడా అడిగి ఉంచుకోండి.