టీకేలో పాత టెర్మినల్: కిలో బియ్యం 4845 రూపాయలు!

బేగంబజార్‌లో మామయ్య కొట్టు స్టాకు లెక్కలు ఇప్పటికీ వీటీ100 అనే టెర్మినల్ (కంప్యూటర్‌కి తగిలించే తెర, కీబోర్డు) కోసం రాసిన పాత ప్రోగ్రామ్‌లోనే. 1978 నాటి ఆ టెర్మినల్‌ని టీసీఎల్/టీకే (టీసీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష, దాంతో తెర మీద కిటికీలు, బటన్లు చేసే టీకే) టెక్స్ట్ విడ్జెట్‌లో, అంటే అక్షరాలు చూపించే పెట్టెలో, దించుదామని కూర్చున్నా. బియ్యం ధర 45 నుంచి 48కి మారిస్తే తెర మీద 4845 వచ్చింది. "ఏరా, బంగారం అమ్ముతున్నామా?" అని మామయ్య ఒకటే నవ్వు.

విడ్జెట్ కొత్త అక్షరాన్ని మధ్యలో దూర్చుతుంది, టెర్మినల్ పాతదాని మీదే రాస్తుంది. అందుకే రాసేముందు అక్కడున్న అక్షరాన్ని డిలీట్ చేయించా. 24 వరుసల్నీ ముందే 80 ఖాళీలతో నింపేశా, లేదంటే కర్సర్ లైను చివర దాటదు.

అయినా అన్నీ ఒక గడి కుడికే! వరుసల నంబర్లు టెర్మినల్‌లోనూ టీకేలోనూ 1 నుంచే మొదలవుతాయి, కాలమ్‌లు మాత్రం టీకేలో 0 నుంచి. నన్ను ముంచింది అదే. కాలమ్ నంబర్‌లోంచి ఒకటి తీసేశా, 48 కుదురుగా కూర్చుంది.