బలులనూ ప్రవచనాలనూ సిలువ వెలుగులో చదవడం ఎలా

పాత నిబంధనలో కనిపించే ప్రతి గొర్రెపిల్లలోనూ, ప్రతి కర్రముక్కలోనూ, ప్రతి ఎర్రని దారంలోనూ క్రీస్తును చూపించాలని ఉత్సాహపడే బోధలు తరచు వినిపిస్తుంటాయి. ఆ ఉత్సాహానికి ఆధారం లేకపోలేదు. పునరుత్థానుడైన యేసు ఎమ్మాయు మార్గంలో ఇద్దరు శిష్యులకు, మోషే మొదలుకొని ప్రవక్తలందరి లేఖనాల్లో తనను గూర్చి ఉన్న సంగతులను వివరించాడని లూకా సువార్త 24వ అధ్యాయం చెబుతుంది. అయితే పాత నిబంధనలోని ఒక వాక్యభాగం తన కాలంలో, తన శ్రోతలకు ఏమి చెప్పిందో తెలుసుకోకుండానే సిలువ దగ్గరికి పరుగెత్తితే, బలి ఎంత భారమైనదో, దాని నెరవేర్పు ఎంత గొప్పదో రెండూ మనకు అందకుండా పోతాయి. కాబట్టి ముందు పాత వాక్యభాగాన్ని దాని చోటనే నిలబడి చదవాలి, ఆ తరువాతే సువార్తల దగ్గరికి రావాలి.

ప్రారంభానికి లేవీయకాండం 1వ అధ్యాయం మంచిది. బైబిలును వరుసగా చదవాలని పూనుకొన్నవారిలో చాలామంది ఆగిపోయేది ఈ గ్రంథం దగ్గరే గనుక, అన్ని రకాల అర్పణలనూ ఒకేసారి గుర్తుపెట్టుకొనే ప్రయత్నం చేయకండి. దహనబలిని, అంటే బలిపీఠంమీద పూర్తిగా కాల్చివేసే అర్పణను గూర్చిన మొదటి తొమ్మిది వచనాలను మాత్రం తీసుకొని, బలి తెచ్చిన మనిషి చేసే పనులను కాగితంపై ఒకవైపు, యాజకుడు చేసే పనులను మరొకవైపు రాయండి. పశువు తలమీద చెయ్యి ఉంచేది దాన్ని తెచ్చినవాడే. వధించేదీ, చర్మం ఒలిచేదీ, అవయవాలను విడదీసేదీ అతడే. యాజకుడు రక్తాన్ని బలిపీఠం చుట్టూ ప్రోక్షిస్తాడు, అగ్నిమీద కట్టెలు పేర్చి, వాటిపై ఆ అవయవాలను అమరుస్తాడు. కాగితం నిండేసరికి, ఆరాధించడానికి వచ్చినవాడు దూరాన నిలబడి చూసే ప్రేక్షకుడు కాడనీ, చనిపోతున్న ప్రాణం వెచ్చదనం అతని అరచేతికి తెలుస్తుందనీ మీకే అర్థమవుతుంది. పశువును తేలేని పేదవాడు గువ్వలనో పావురపు పిల్లలనో తేవచ్చు. యేసు శిశువుగా ఉన్నప్పుడు మరియ యోసేపులు దేవాలయానికి వెళ్లినప్పుడు అర్పించవలసినదీ ఇలాంటి పక్షుల జతేనని లూకా 2:24 పక్కన రాసుకోండి.

తరువాత నిర్గమకాండం 12వ అధ్యాయాన్నీ లేవీయకాండం 16వ అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుండి బయటపడిన రాత్రి వధించిన పస్కా గొర్రెపిల్లను మొదటి నెల పదవ దినాన ఎంచి, పద్నాలుగవ దినపు సాయంకాలం వరకు ఉంచుకోవాలి. దాని రక్తాన్ని హిస్సోపు అనే మొక్క కుంచెతో ద్వారబంధపు నిలువు కమ్ములకూ పై కమ్మికీ పూయాలి. దాని ఎముకలలో ఒక్కటీ విరవకూడదు. ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. ఈ అధ్యాయం మాట్లాడేది దాస్యం నుండీ మరణం నుండీ కలిగే విడుదలను గూర్చి. పాపపు ఒప్పుకోలు ఇందులో కనిపించదు. అది కనిపించేది ఏడవ నెల పదవ దినమైన ప్రాయశ్చిత్తార్థ దినాన. ఆ రోజు రెండు మేకలమీద చీట్లు వేస్తారు. ఒక మేక బలి అవుతుంది. రెండవదాని తలమీద ప్రధాన యాజకుడు తన రెండు చేతులూ ఉంచి, ప్రజల దోషాలన్నీ ఒప్పుకొని, దాన్ని అరణ్యానికి పంపివేస్తాడు. క్రొత్త నిబంధన రచయితలు సిలువను వివరించడానికి ఈ రెండు దినాలనూ వాడుకొన్నారు. పౌలు క్రీస్తును మన పస్కా పశువు అన్నాడు. యోహాను, యేసు కాళ్లు విరగగొట్టకపోవడాన్ని చెప్పేటప్పుడు ఎముకను గూర్చిన మాటను గుర్తుచేశాడు. హెబ్రీ పత్రిక ప్రాయశ్చిత్తార్థ దినాన్ని పట్టుకొని, ఏటేటా మళ్లీ చేయవలసి రావడమే ఆ బలుల అసంపూర్ణతకు గుర్తని, క్రీస్తు ఒక్కసారే తన్ను తాను అర్పించుకొన్నాడని వాదించింది. ఈ రెంటినీ కలగలిపేయకుండా, విడుదల ఏదో క్షమాపణ ఏదో వేరుగా ధ్యానించడమే మేలు.

ప్రవచనాల దగ్గర ఇంకా నిదానం అవసరం, ఎందుకంటే నెరవేర్పులన్నీ ఒకే తీరుగా ఉండవు. బేత్లెహేమును గూర్చి మీకా 5:2, గాడిదనెక్కి వచ్చే రాజును గూర్చి జెకర్యా 9:9 రాబోయేదాన్ని ముందుగా చెప్పే మాటలు. హోషేయ 11:1 అలాంటిది కాదు. అది ఐగుప్తు నుండి ఇశ్రాయేలును పిలిచిన జరిగిపోయిన కథ. మత్తయి దాన్ని యేసు బాల్యానికి వర్తింపజేసినప్పుడు, ఇశ్రాయేలు నడిచిన దారినే కుమారుడు మళ్లీ నడిచాడని చూపిస్తున్నాడు. 22వ కీర్తన ఒక బాధితుని ప్రార్థన. యేసు సిలువమీద దాని మొదటి మాటను తన మాటగా పలికాడు. ప్రతి నెరవేర్పు పక్కన అది ఈ తీరులలో దేనికి చెందుతుందో రాసుకొంటే సగం చిక్కులు విడిపోతాయి. నెరవేరిన ప్రవచనాలను వందల్లో లెక్కగట్టి చూపే జాబితాలు నాకు అంతగా రుచించవు; లెక్క పెరిగేకొద్దీ ధ్యానం పలచబడుతుంది.

యెషయా 53కు మాత్రం ఒక వారమంతా కేటాయించండి. శ్రమపడే దేవుని సేవకుణ్ణి గూర్చిన ఆ గీతం నిజానికి 52:13 దగ్గర మొదలవుతుంది గనుక అక్కడినుండే చదవండి. 1947లో మృత సముద్రం ఒడ్డున ఉన్న కుమ్రాను దగ్గరి గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట క్రీస్తు పుట్టుకకు ముందే రాసినది, అందులోనూ ఈ అధ్యాయం ఉంది. కాబట్టి ఇది క్రైస్తవులు తరువాత చేర్చుకొన్న భాగం అనే అనుమానానికి తావు లేదు. అయితే 49:3లో ఇశ్రాయేలే సేవకుడని పిలువబడింది, యూదులలో చాలామంది ఈ అధ్యాయాన్నీ ఆ విధంగానే చదువుతారు. ఆ సంగతిని దాచిపెట్టకండి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో, రథంలో కూర్చొని ఈ భాగాన్నే చదువుతున్న ఐతియొపీయుడు, ప్రవక్త ఎవరిని గూర్చి చెబుతున్నాడు, తనను గూర్చియా, వేరొకరిని గూర్చియా అని సువార్తికుడైన ఫిలిప్పును అడిగాడు. జవాబు ముందే తెలిసినా మీరూ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. గీతంలో 'మన' అనే మాట వచ్చిన ప్రతిచోటా గీత గీసి, ఆ 'మన'లో తానెక్కడ ఉన్నాడో ఎవరికి వారు ప్రార్థనలో వెదుక్కోవాలి.

విమోచన అనేది ఎలాంటిదో తెలియాలంటే రూతు 4వ అధ్యాయం చాలు. చనిపోయిన బంధువు పొలాన్ని విడిపించి, విధవరాలైన రూతును చేసుకోవలసిన దగ్గరి బంధువు తన స్వాస్థ్యానికి నష్టం వస్తుందని వెనుదీస్తే, బోయజు పురద్వారం దగ్గర పెద్దల ఎదుట ఆ బాధ్యతను తలకెత్తుకొంటాడు. ఆ తరువాత మార్కు 10:45 చదవండి. యేసు తన ప్రాణాన్ని క్రయధనంగా ఇచ్చాడన్న వాక్యం, ఆ వెల ఎవరికి చెల్లించాడో చెప్పదు. దాన్ని తేల్చాలని బలవంతపెట్టకుండా, వెల చెల్లించినవాని దగ్గరే ఆగడం మంచిది.

చివరిగా లేవీయకాండం 6వ అధ్యాయపు మొదటి ఏడు వచనాలు చదవండి. పొరుగువాని సొత్తును మోసంతో తీసుకొన్నవాడు, ఆ సొత్తును అయిదవ వంతు కలిపి సొంతదారునికి తిరిగి ఇచ్చి, అపరాధ పరిహారార్థబలిని యాజకుని దగ్గరికి తేవాలి. యేసు కూడా, సహోదరునికి మనమీద ఏదైనా విరోధం ఉన్నట్టు జ్ఞాపకం వస్తే, అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి ముందు సమాధానపడమన్నాడు. ఈ భాగం చదివిన రోజున అలాంటి బాకీ ఏదైనా గుర్తుకు వస్తే, పుస్తకం మూసి ముందు దాన్ని తీర్చుకొని రండి. మిగిలిన వచనాలను మరునాడు చదువుకోవచ్చు.