ఆర్వో మిషన్ వదిలే నీళ్లను ఇలా వాడండి
మా నల్లగొండ దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ భయంతో చాలా ఇళ్లలో ఆర్వో మిషన్ పెట్టుకున్నాం. ఒక లీటరు మంచినీళ్లు రావాలంటే సుమారు రెండు మూడు లీటర్లు సన్న పైపులోంచి సింకులోకి పోతాయి. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పైపు కింద బకెట్ పెట్టండి. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి మాకు అవే సరిపోతున్నాయి.

మొక్కలకు మాత్రం పొయ్యకండి. వడగట్టిన ఫ్లోరైడ్, ఉప్పు అన్నీ ఆ నీళ్లలోనే చేరతాయి, రోజూ పోస్తే మట్టి చౌడుబారుతుంది. తాగడానికి, వంటకు, పశువులకు అసలే వద్దు.

మొక్కలకు బియ్యం, పప్పు కడిగిన నీళ్లున్నాయి కదా! మా కల్యామాకు చెట్టు ఎండాకాలమంతా వాటితోనే పచ్చగా ఉంది. చెట్టు మొదలు చుట్టూ కాస్త వరిగడ్డి పరిస్తే తడి తొందరగా ఆరదు.