బస్సు నడిచింది, రిపోర్టులో లేదు: మాటల తేడాతో వచ్చే చిక్కులు

పైడిభీమవరం పరిశ్రమలకు ఉద్యోగులను చేరవేసే ప్రైవేటు బస్సుల లెక్కలు చూడడం నా పని. మా షెడ్డు శ్రీకాకుళంలో ఉంది. రిజిస్టరు వదిలి సాఫ్ట్‌వేర్‌కు మారిన కొత్తలో, మొదటి నెల రిపోర్టు చూసి నిజాయతీగా పనిచేసే డ్రైవర్లను అనుమానించాల్సిన పరిస్థితి వచ్చింది. వెతికితే తేలింది ఒక్కటే: ఒకే మాటకు షెడ్డులో ఒక అర్థం, తెర మీద మరో అర్థం. ఇలాంటి పని చేసేవారు ఎవరి మీదైనా తప్పు మోపే ముందు ఇవి చూసుకోవాలని రాస్తున్నాను.

ఆదివారం కూడా అన్ని బస్సులూ తిరిగినట్టు చూపిస్తోంది

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట 'సర్వీసు'. "పలాస సర్వీసు వచ్చిందా?" అంటే మనకు అది బస్సు. మెకానిక్‌కు సర్వీసు అంటే ఆయిలు మార్చడం, గ్రీజు పెట్టడం. బస్సు వేళల సమాచారానికి చాలా సాఫ్ట్‌వేర్‌లు వాడే జీటీఎఫ్ఎస్ పద్ధతిలో ఈ రెండూ కావు. ఒక ట్రిప్పు వారంలో ఏయే రోజుల్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు నడుస్తుందో చెప్పే రోజుల పట్టికే అక్కడ సర్వీసు. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పద్ధతి అది. మేము సర్వీసు గడిలో పలాస, టెక్కలి, నరసన్నపేట అని ఊళ్ల పేర్లు నింపి, ఏడు రోజులకూ టిక్కు పెట్టాం. బస్సులు ఆదివారం కూడా తిరిగినట్టు కనబడడానికి కారణం అదే.

సరిచేయాలంటే ఊళ్ల పేర్లు తీసేసి 'సోమ-శని', 'ఆదివారం' అని రెండే సర్వీసులు పెట్టండి. ప్రతి ట్రిప్పునూ వాటిలో ఒకదానికి కలపండి. ఊరి పేరు రూటు గడిలోకి వెళ్తుంది.

పండగలకు మాత్రం ఈ పట్టికను ముట్టుకోవద్దు. విజయనగరం సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం వస్తుంది, తేదీ ఏటా మారుతుంది. ఒకసారి ఆ రోజు విజయనగరం బస్సులు ఆపడానికి నేను 'సోమ-శని'లో మంగళవారం టిక్కు తీసేశాను. ఆ రోజు మిగతా ఊళ్ల బస్సులూ పట్టికలో కనిపించలేదు, తర్వాతి మంగళవారం అసలేవీ లేవు. విజయనగరం ట్రిప్పులకు వేరే సర్వీసు పెట్టి, మినహాయింపు తేదీల గడిలో ఆ ఒక్క తేదీకి దాన్ని ఆపితే సరిపోతుంది.

బి షిఫ్టు వాళ్లను దింపిన బస్సు మర్నాటి లెక్కలో పడుతోంది

బి షిఫ్టు, అంటే రాత్రి ముగిసే షిఫ్టు, అయ్యాక 10:30కు పైడిభీమవరంలో బయలుదేరిన బస్సు 12:50కి పలాస చేరిందనుకుందాం. మనం 00:50 అని రాస్తే, బయలుదేరక ముందే చేరినట్టవుతుంది. ఆ ట్రిప్పును సాఫ్ట్‌వేర్ తిరస్కరిస్తుంది, లేదా మర్నాటికి తోస్తుంది. బస్సు పనిదినం అర్ధరాత్రితో ముగియదు, అందుకే జీటీఎఫ్ఎస్‌లో 24 దాటిన గంటలు రాస్తారు. 24:50 అని రాయండి. మొదట వింతగా ఉంటుంది గానీ, పలాస చేరే బస్సు అదే రోజు ఖాతాలో ఉండిపోతుంది.

డ్రైవర్ల బత్తా రెట్టింపు వచ్చింది

వెళ్లి రావడం కలిపితే డ్రైవరుకు ఒక ట్రిప్పు. సాఫ్ట్‌వేర్‌కు వెళ్లడం ఒకటి, రావడం ఒకటి. బత్తా రేటును ఒక్కో వైపుకు మార్చుకుని, ఆ సంగతి డ్రైవర్లకు ముందే చెప్పండి. చెప్పకపోతే రేటు సగానికి తగ్గిందని బాధపడతారు. షెడ్డు నుంచి బయలుదేరి తిరిగి షెడ్డుకు చేరేదాకా ఒక బస్సు చేసే పని మొత్తాన్ని సాఫ్ట్‌వేర్ 'బ్లాక్' అంటుంది. డ్రైవరు డ్యూటీ వేరే లెక్క, ఒకే బ్లాక్‌లో ఇద్దరు డ్రైవర్లు మారవచ్చు.

మైలేజీ ఉన్నట్టుండి పడిపోయింది

డీజిల్ దొంగతనం అని అనే ముందు ఖాళీ పరుగు చూడండి. తెల్లవారుజామున షెడ్డు నుంచి మొదటి స్టాపు దాకా బస్సు ఖాళీగానే వెళ్తుంది. ఆర్టీసీ వాళ్లు డెడ్ కిలోమీటర్లు అనేది దీన్నే, సాఫ్ట్‌వేర్‌లో 'డెడ్‌హెడ్' అని ఉంటుంది. మీటరు మీద 200 కిలోమీటర్లు, అందులో ఖాళీవి 40, డీజిల్ 40 లీటర్లు అనుకోండి. అసలు మైలేజీ 5. ఖాళీ పరుగు నమోదు చేయకపోతే 160కే లెక్క కట్టి 4 చూపిస్తుంది. ఆ ఒక్క అంకె మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడి ఉంటుంది. ప్రతి బ్లాక్‌కు ముందూ వెనకా డెడ్‌హెడ్ తప్పకుండా చేర్చండి.

స్టాపులో ఆగినా ఆగలేదంటోంది

ఏడు రోడ్ల కూడలి లాంటి చోట వెళ్లే బస్సు ఒక పక్క, వచ్చే బస్సు మరో పక్క ఆగుతాయి. ఒక పక్కనే గుర్తు పెడితే, రెండో పక్క ఆగిన బస్సు ఆగలేదని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. పేరు ఒకటే అయినా రెండు స్టాపులుగా గుర్తు పెట్టండి.

ఒక బస్సు డీజిల్ మరో బస్సు ఖాతాలో పడింది

షెడ్డులో బస్సును చివరి నాలుగు అంకెలతో పిలుస్తాం. పాత నంబర్లలో శ్రీకాకుళానిది ఏపీ 30, విజయనగరానిది ఏపీ 35. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. మూడింటిలోనూ అవే నాలుగు అంకెలు ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో పూర్తి నంబరు పెట్టి, షెడ్డు పిలుపు కోసం వేరే వరుస సంఖ్య ఇచ్చి, దాన్ని డీజిల్ మూత పక్కన పెయింటుతో రాయించండి. బంకులో బిల్లు రాసే కుర్రాడికి అదే కనబడుతుంది.