రైడింగ్ మోవర్: పాతది కొనేముందు, కొత్తది ఎక్కేముందు

అమెరికాలో పెద్ద స్థలమున్న ఇల్లు కొన్నవాళ్ళకి మొదటి ఏప్రిల్‌లోనే తత్వం బోధపడుతుంది. గడ్డి వారం తిరక్కుండా మోకాలికొస్తుంది, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరమొస్తుంది. ఆ కంగారులో కొన్న రైడింగ్ మోవర్‌కి, అంటే ఎక్కి కూర్చుని నడిపే గడ్డి కోత బండికి, డబ్బు ఎక్కువే పోతుంది. పాతది కొనాలంటే అక్టోబరు మంచి కాలం. గరాజ్‌లో చలికాలమంతా చోటు తినే సామాను వదిలించుకుందామని చూసేవాళ్ళు అప్పుడు బేరానికి దిగుతారు.

ముందు లెక్క చూడండి. లాట్ సైజు కాదు, ఇల్లూ డ్రైవ్‌వే పోను కోయాల్సిన గడ్డి ఎంతో కొలవండి. అర ఎకరం లోపైతే మనం వెనక నడుస్తూ నడిపే, తనంతట కదిలే (సెల్ఫ్ ప్రొపెల్డ్) మోవర్ చాలు. ఎకరమైతే 42 అంగుళాల డెక్‌తో (బండి కింద బ్లేడ్లు తిరిగే రేకు తొడుగు) గంట నుంచి గంటన్నర పడుతుంది. సీజన్‌కి 30 కోతలనుకుంటే ఏడాదికి 30 నుంచి 45 గంటలు. పెరటి గేటు కూడా కొలవండి. 42 అన్నది కోసే వెడల్పు మాత్రమే, గడ్డి బయటికి చిమ్మే చ్యూట్‌తో కలిపితే 50 అంగుళాలు దాటుతుంది.

ఇక పాతదా, కొత్తదా? చదునైన నేల, స్పానర్ పట్టే అలవాటు లేదు, ట్రైలర్ లేదు అంటే కొత్తదే కొనండి. మామూలు లాన్ ట్రాక్టర్ రెండు వేల డాలర్ల పైమాటే. ఇంటికి తెచ్చిచ్చి, రిపేరుకి తీసుకెళ్ళే డీలర్ దగ్గర కొంటే వంద డాలర్లు ఎక్కువైనా గిట్టుబాటే. నేల వాలుగా ఉంటే మాత్రం మా మాట వేరు. ఆ డబ్బుతో కొత్త చవక మోడల్ కన్నా, బరువైన ట్రాన్స్‌మిషన్ ఉన్న పాత గార్డెన్ ట్రాక్టర్ మేలు.

కారణం హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్. పెడల్ తొక్కితే పంపు ఆయిల్‌ని తోస్తుంది, ఆ ఒత్తిడికి చక్రాలు తిరుగుతాయి. చవక మోడళ్ళలో వచ్చే టఫ్ టార్క్ కే46 లాంటి చిన్న యూనిట్లు చదును నేలకు సరిపోతాయి, రోజూ ఎత్తు ఎక్కడానికి కాదు. వేడెక్కితే ఆయిల్ పలచబడుతుంది, అరిగిన పంపులో సందుల్లోంచి జారిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. అందుకే డ్రైవ్‌వే మీద చల్లగా ఉన్నప్పుడు జింకలా పరిగెత్తిన బండి, అరగంట కోశాక గట్టు ముందు మొరాయిస్తుంది. రెండు నిమిషాలు తిప్పి చూసి డబ్బులిచ్చేయకండి. అరగంట నిజంగా గడ్డి కోయండి, తర్వాత ఎత్తు ఎక్కించి మధ్యలో ఆపి మళ్ళీ కదిలించండి. అమ్మేవాళ్ళు దానికి ఒప్పుకోకపోతే అదే జవాబు. ట్రాన్స్‌మిషన్ పోతే మార్చడానికయ్యే ఖర్చు బండి ధరలో సగం దాటొచ్చు.

వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. మీరు రాకముందే వేడిగా ఉందంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్టవడంలో ఏదో తిప్పలుంది. తాళం తిప్పితే సగం చుట్టు తిరిగి ఆగిపోతోందా? బ్యాటరీ వీక్ అంటారు. చాలాసార్లు అసలు సంగతి వాల్వ్ క్లియరెన్స్, అంటే ఇంజిన్ వాల్వ్ దగ్గర వదిలే సన్నని సందు, పెరగడం. స్టార్టింగ్‌లో కంప్రెషన్ తగ్గించాల్సిన ఏర్పాటు అప్పుడు పనిచేయదు, స్టార్టర్ తిప్పలేక నిలబడుతుంది. ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే గంటలో సరిచేసుకోవచ్చు, కాబట్టి ఇది బేరమాడుకోవడానికి పనికొచ్చే లోపం. ఇంజిన్ వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే మాత్రం వెనక్కి తిరగండి.

ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్‌ని వయసుతో కలిపి చదవాలి. పదేళ్ళ బండి 90 గంటలే చూపిస్తుంటే సంబరపడొద్దు. మీటర్ మార్చి ఉండాలి, లేదా స్థలం చిన్నదై ఉండాలి, లేదా ఏళ్ళ తరబడి ట్యాంకులో పెట్రోలు మురిగి కార్బ్యురేటర్ జిగురు పట్టి ఉండాలి. వయసు నోటిమాటగా నమ్మక్కర్లేదు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్ మీద మోడల్, టైప్, కోడ్ అని అంకెల వరసలు మూడుంటాయి. కోడ్‌లో మొదటి ఆరంకెలు ఇంజిన్ తయారైన తేదీ. 140512 అని మొదలైతే 2014 మే 12. 2019 బండి అని చెప్పినదాని మీద ఆ అంకెలుంటే మిగతా కబుర్లు వినక్కర్లేదు. సియర్స్ దుకాణాలు అమ్మిన రోజుల నాటి క్రాఫ్ట్స్‌మన్ బ్రాండ్ బండి అయితే మోడల్ నంబర్ కూడా చూడండి. 917తో మొదలైతే చేసింది హస్క్‌వర్నా కర్మాగారం, 247 అయితే ఎంటీడీ అనే కంపెనీ. స్పేర్ పార్టులు వెతికేటప్పుడు ఇది అక్కరకొస్తుంది.

తర్వాత డెక్. తాళం చెవి తీసి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి, గ్లవ్స్ వేసుకుని బ్లేడ్‌ని చేత్తో తిప్పండి. గరగరమంటే స్పిండిల్ (బ్లేడ్ తిరిగే ఇరుసు) బేరింగ్ పోయినట్టు. బ్లేడ్ కొస పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి, ఊగకూడదు. స్పిండిల్ మార్చడం పెద్ద ఖర్చేం కాదు. స్పిండిల్ బిగించిన చోట రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తడి గడ్డి పేరుకుపోయి తుప్పు తినేది అక్కడే. మొన లోపలికి దిగితే ఆ డెక్ పని అయిపోయినట్టే.

సీటు ఎత్తి కింద వైర్లు చూడండి. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి సీటు మీంచి లేస్తే ఇంజిన్ ఆగాలి. చిన్న వైరు ముక్కతో ఆ స్విచ్‌ని కలిపేసిన పాత బండ్లు చాలానే తిరుగుతున్నాయి. సీటు మీద కూర్చునే, కొంచెం లేచి పరీక్షించండి. ఆగకపోతే స్విచ్ మార్చేదాకా ఆ బండితో గడ్డి కోయకూడదు. ఇంటికి తెచ్చేటప్పుడు తాడు కట్టి లాక్కురావద్దు, హైడ్రో యూనిట్ పాడవుతుంది. చక్రాల్ని ట్రాన్స్‌మిషన్ పట్టు నుంచి వదిలించే బైపాస్ లివర్ లాగి, నాలుగడుగులు చేత్తో తోసి ట్రైలర్ ఎక్కించండి.

కొత్తదైనా జాగ్రత్తలు తప్పవు. రవాణా కోసం టైర్లలో గాలి ఎక్కువ కొట్టి పంపుతారు, అలాగే కోస్తే గడ్డి మెట్లు మెట్లుగా వస్తుంది. చాలా మోడళ్ళలో ముందు 14, వెనక 10 పీఎస్ఐ ఉండాలి, మీ మాన్యువల్‌తో సరిచూసుకోండి. డెక్ ముందు అంచు వెనకదానికన్నా పావంగుళం లోపు కిందికి ఉండాలి. మొదటి ఆయిల్ మార్పు చాలా ఇంజిన్లకు 5 గంటలకే. పెట్రోలులో ఇథనాల్ 10 శాతం మించకూడదు. బంకులో అన్‌లెడెడ్ 88 చవగ్గా కనబడుతుంది, అందులో 15 శాతం ఉంటుంది, కారుకి సరే గాని దీనికి వద్దు. నెల దాటి నిలవుంటే పెట్రోలు మురగకుండా ఆపే స్టెబిలైజర్ కలపండి.

వాలుని ఫోన్‌లోని లెవల్ యాప్‌తో కొలవండి. 15 డిగ్రీలు దాటిన చోటికి రైడింగ్ మోవర్ వెళ్ళకూడదు. ఆ లోపైనా నిటారుగా పైకీ కిందికీ కోయాలి, అడ్డంగా కాదు. మనం వెనక నడిచే మోవర్‌కి ఈ నియమం తారుమారు, దానితో వాలుకి అడ్డంగానే కోయాలి. ఉన్నచోటే గిర్రున తిరిగే జీరో టర్న్ బండ్ల ముందు చక్రాలు ఊరికే దొర్లేవి, వెనక చక్రాలు పట్టు తప్పితే స్టీరింగ్ కూడా పోతుంది. తడి గడ్డి మీద, చెరువు గట్టు దగ్గర అది మరీ ప్రమాదం.

వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు. తాతగారు ముచ్చటపడి మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వేద్దామంటారు. ఒప్పుకోవద్దు. ఒకసారి ఎక్కిన పిల్లవాడు మర్నాడు చప్పుడు వినగానే బండి వెనక్కి పరిగెత్తుకొస్తాడు, రివర్స్‌లో జరిగే ఘోరాలు ఎక్కువగా అలాగే జరుగుతాయి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ రైడింగ్ మోవర్ నడపడానికి కనీసం 16 ఏళ్ళుండాలంటుంది. నాన్నగారే నడుపుతానంటే లుంగీ, చెప్పులు మార్పించి బూట్లు వేయించండి, గడ్డి ఇరుక్కుంటే చ్యూట్‌లో చెయ్యి పెట్టేముందు ఇంజిన్ ఆపి తాళం చెవి తీయాలని చూపించండి. పని అయ్యాక ఆ చెవి బండికి వదిలేయకుండా వంటింట్లో పైఅరలో పెట్టండి.