ముంజకాయ బుర్రలతో చక్రాల పాఠం

వేసవిలో మా సోంపేట వైపు ముంజలు తిన్నాక బుర్రలు పారేస్తారు. పారేయకండి. మా మనవడికి చక్రం సంగతి వాటితోనే చెప్పాను.

రెండు బుర్రలు, జానెడు కర్ర, ఒక పొడవాటి పంగల కర్ర చాలు. చిన్న కర్ర కొనలు చెక్కి బుర్రల నడిమధ్యలో గట్టిగా దిగ్గొట్టండి (కత్తి పని పెద్దవాళ్లదే). పంగను ఆ ఇరుసుకి ఆనించి తోస్తే బండి పరుగే.

ముందు పిల్లలతో బుర్రల్ని తాడు కట్టి ఈడ్పించండి, తర్వాత బండిగా తోయించండి. ఏది తేలికో వాళ్లే చెబుతారు. పంగ ఇరుసును రాసే చోట రెండు చుక్కల కొబ్బరినూనె వేస్తే కిర్రుమనడం ఆగుతుంది. "తాతా, సైకిల్ చైన్‌కి నూనె ఇందుకేనా?" అన్నాడు మావాడు. ఘర్షణ అనే మాట అప్పుడు చెప్పాను, ముందు కాదు.

ఒక బుర్ర పెద్దది, ఒకటి చిన్నది పెడితే బండి చిన్నదాని వైపే తిరుగుతుంది. ఎందుకో చెప్పేయకండి. దారం చుట్టి కొలిపించండి: బుర్ర చుట్టుకొలత అడ్డుకొలతకు దాదాపు 3.14 రెట్లు. ఒక్క చుట్టుకి పెద్దది ఎక్కువ దూరం పోతుందని పట్టడానికి మావాడికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మా అరుగు మీద ఈగలే ఈగలు.