పొట్టి బస్సు కొనే ముందు మూడంగుళాల పరీక్ష

అమెరికాలో పాత పొట్టి (పొడవు తక్కువైన) స్కూలు బస్సు కొని మోటార్‌హోమ్‌గా, అంటే చక్రాల మీది ఇల్లుగా, మార్చుకునేవారికి తరచూ ఎదురయ్యే తలనొప్పి ఒకటుంది. ఖాళీ బస్సులో హాయిగా నిలబడిన మనిషికే పనంతా అయ్యాక తల పైకప్పుకు తగులుతుంది.

బేరానికి వెళ్లేటప్పుడు టేపుతో పాటు 3 అంగుళాల మందం వచ్చేలా ప్లైవుడ్ ముక్కలు పట్టుకెళ్లండి. పాత పుస్తకాలైనా చాలు. మీలో అందరికన్నా పొడవైనవారు చెప్పులు విప్పి, బస్సు నడవలో వాటి మీద నిలబడాలి. తల తగిలితే ఆ బస్సు వదిలేయండి. లెక్క ఇది: నేల మీద వేడి, చలి ఆపే 1 అంగుళం ఫోమ్ పలక, అరంగుళం ప్లైవుడ్, పైకప్పుకు మరో అంగుళం ఫోమ్, పావంగుళం చెక్క. కలిపితే పావు తక్కువ మూడు.

స్నానాల గది గోడ పక్కనే వస్తుంది, పైకప్పు వంపు తిరిగేదీ అక్కడే. సీట్లు అడ్డుంటే ఆ చోట టేపుతో కొలిచి 3 అంగుళాలు తీసేయండి.

బస్సు నేల మీద పరిచిన పాత రబ్బరు పొర, దాని కింది ప్లైవుడ్ పీకేసే ఆలోచన ఉంటే మాత్రం ఈ పరీక్ష తప్పు చెబుతుంది. వాటి మందం మీకు తిరిగి వస్తుంది కనుక కాళ్ల కింది ముక్కల మందం అంత తగ్గించి నిలబడండి. ఎత్తు కుదిరిందన్న సంబరంలో బస్సు కిందికి దూరి తుప్పు చూడటం మానకండి. శీతాకాలంలో రోడ్లపై ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో వంటి చోట్ల తిరిగిన బండైతే మరీను.